డోరా గారి సీసాలు

ఆదివారం పొద్దున పది కిలోల ఆపిల్ పండ్లు కొనాలని కల్పలత నిశ్చయించుకుంది. ఆ ఇంట్లో ఆపిల్‌ను ఇష్టంగా కొరికి తినేవాళ్లు ఎవరూ లేరు. ఈ కొనుగోలు తినడానికి కాదు, డోరా అనే మనిషిని ఓడించడానికి.

డోరా ఆమెకు ఏ అపకారమూ చేయలేదు. పక్క వీధిలో ఉంటుంది, అరవై దాటింది, కల్పలత భర్త హరికిషన్‌తో పాటు రైల్వేలో ఒకే సెక్షన్లో పనిచేసి రిటైరైంది. చిక్కంతా ఆవిడ ఇంటి నుంచి వారం వారం వచ్చే ఆపిల్ సాస్‌తోనే. పండ్లను ఉడికించి, మెత్తగా మెదిపి, దాల్చినచెక్క వేసి, గాలి చొరకుండా సీసాలో బిగించిన గుజ్జు అది. హరికిషన్ దాన్ని రోజూ పొద్దున చపాతీకి రాసుకుని, కళ్లు మూసుకుని మరీ తింటాడు.

"ఏం రుచి లతా! నోట్ల పెట్టుకుంటే కరిగిపోతది. జెర నువ్వు సుత తిని చూడు."

"నాకొద్దు. పళ్లు ఊడినోళ్లు తినే తిండి," అంటుంది కల్పలత, చపాతీని పెనం మీద అవసరానికి మించి గట్టిగా వత్తుతూ.

ఆమె బాధలో న్యాయం లేకపోలేదు. నేరేడ్‌మెట్ నుంచి బోయిగూడ దాకా ఆమె మామిడికాయ తొక్కుకు పేరుంది. పెళ్లిళ్లకు జాడీలకు జాడీలు అడిగి పట్టుకుపోతారు. కానీ కాపురానికి వచ్చిన ముప్ఫై ఒక్క ఏళ్లలో హరికిషన్ ఆమె వంటను ఒక్కసారి కూడా 'బాగుంది' అన్న పాపాన పోలేదు. పెట్టింది తింటాడు, చెయ్యి కడుక్కుంటాడు, పేపరు తీస్తాడు. అలాంటి మనిషి పరాయి వంటింటి గుజ్జుకు పరవశించిపోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కల్పలతకు మండడమే కాదు, పొగ కూడా వచ్చింది.

దానికి తోడు కింది ఫ్లాటు భవాని ఒక వార్త మోసుకొచ్చింది.

"అక్కా, ఆదివారం అన్న పింఛన్ సంఘం మీటింగ్‌కు పోయిండన్నవు గద? నేను డోరా మేడం గేట్లకెళ్లి వస్తుండంగ చూసిన."

ఆ రోజు ఉతకడానికి తీసిన చొక్కాను కల్పలత మూడుసార్లు వాసన చూసింది. మూడుసార్లూ దాల్చినచెక్కే.

"మీ చొక్కా గిట్ల వాసనొస్తుందేంది?" అని అడిగింది.

"మీటింగ్‌ల మసాలా చాయ్ పోసిన్రు," అన్నాడు హరికిషన్, పేపరు వెనక నుంచి.

"చొక్కాకు సుత తాపిన్రా?"

పేపరు కదలలేదు. ఆ కదలకపోవడంతోనే కల్పలతకు పట్టుదల వచ్చేసింది. ఆ గుజ్జేదో తానే చేసి, ఈ మనిషి నోటితో ఆ ఒక్క మాట అనిపించుకోవాలి. అప్పుడు డోరా గేటు తుప్పు పట్టినా ఎవరూ అటు చూడరు.

సీసాలకు కొదవ లేదు. ఒకరింటి గిన్నెను వట్టిగా తిరిగి ఇవ్వకూడదు, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. డోరా సీసాల్లో తన తొక్కు వేసి పంపడానికి కల్పలతకు చేతులు రాలేదు, వట్టివి పంపడానికి మనసు రాలేదు. అలా వంటింటి గట్టు కింద పదకొండు సీసాలు పోగయ్యాయి.

ఆదివారం హరికిషన్ యథాప్రకారం 'మీటింగ్'కు వెళ్లగానే కల్పలత మోండా మార్కెట్‌కు ఆటో మాట్లాడుకుని పోయి పండ్లు తెచ్చింది. భవానీ, తనూ కూర్చుని చెక్కు తీశారు, కోశారు, ఉడికించారు, మెదిపారు. అంతవరకూ ఫోనులో వీడియో చెప్పినట్టే నడిచింది. ఆఖర్న వీడియోలో అమ్మాయి, నింపిన సీసాలను మరిగే నీళ్లలో ముంచి ఇరవై నిమిషాలు ఉంచమంది.

"నీళ్లల్ల ముంచుడా?" కల్పలత ఫోను వైపు జాలిగా చూసింది. "ఈ పిల్లకు ఎవ్వరు నేర్పిన్రే వంట? తడి తగిల్తే బూజు పట్టదా?"

"మరెట్ల అక్కా?"

"ఎట్లేంది? పొడి బట్టతోని తుడుస్తం, నింపుతం, మూత బిగిస్తం, మూడు దినాలు ఎండకు పెడ్తం. నా తొక్కు ఎన్నడన్న చెడ్డదా?"

తొక్కు ఎన్నడూ చెడలేదు కాబట్టి భవాని పొడి బట్ట అందుకుంది. పదకొండు సీసాలూ మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక్కి చేరాయి. వాటి మీద కల్పలత తన పాత నారింజ రంగు చీర కప్పింది.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి మేడ మీద 'ఠప్' మంది.

మొదటి అంతస్తులో ఉండే కామరాజు పాతికేళ్లు సైన్యంలో చేసి వచ్చిన మనిషి, అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడు. ఇన్నేళ్లుగా పార్కింగ్ తగాదాలు తప్ప ఆయనకు మరో యుద్ధం దొరకలేదు. రెండో 'ఠప్' వినబడేసరికి మెట్ల మీదికి దూకాడు.

"ఫైరింగ్! ఎవరూ బయటికి రావద్దు! ఎక్కడివాళ్లక్కడ బోర్లా పడుకోండి!"

రావద్దన్నాడు కాబట్టి అందరూ వచ్చారు. వచ్చినవాళ్లంతా మెట్ల మీద పడుకున్నారు. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను కూడా సిలిండర్‌ను కౌగిలించుకుని పడుకున్నాడు. మూడో 'ఠప్', నాలుగో 'ఠప్' అయ్యాక, మేడ మీది వాననీటి గొట్టంలోంచి పసుపుపచ్చటి గుజ్జు జారి, పొద్దున్నే కడిగించిన కామరాజు తెల్లకారు మీద పడింది. ఆయన వేలితో తీసి వాసన చూశాడు. పులిసిన కంపుకు ముఖం మారింది.

"ఇది ఫైరింగ్ కాదు. సారా! మన మేడ మీద ఎవరో సారా బట్టీ పెట్టారు!"

అందరూ ఆయన వెనకే మేడెక్కారు. పడక కుర్చీలో నిద్రపోతున్న హరికిషన్ కూడా కళ్లు నులుముకుంటూ వచ్చాడు. కామరాజు కర్రతో చీర ఎత్తాడు. నాలుగు సీసాలు పగిలి ఉన్నాయి. మిగిలిన ఏడింటి మూతలు ఉబ్బి ఉన్నాయి.

"ఈ చీర ఎవరిది?"

ఆ చీర ఎవరిదో అపార్ట్‌మెంటు మొత్తానికీ తెలుసు. రెండు బోనాల పండగలకు వరసగా చూశారు. భవాని ఆకాశంలో మబ్బులు లెక్కపెట్టసాగింది. కల్పలత ఒక్క క్షణం చీర వైపు, సీసాల వైపు చూసింది. మరుక్షణం ఆమె లోపలి మంట ఆమెకు దారి చూపించింది.

"చీర నాదే. సీసాలు మాత్రం డోరా మేడమ్‌వి."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే ఆమెకు చెప్పలేనంత హాయిగా అనిపించింది.

"అయితే ఆవిణ్ని పిలవండి. లేకపోతే పోలీసులకు ఫోన్ చేస్తాను," అన్నాడు కామరాజు.

"పోలీసులెందుకు సార్? ఆమెను పరేషాన్ చెయ్యొద్దు," అన్న హరికిషన్ ముఖం పాలిపోయింది.

"చూసినవా భవానీ, ఆమె పేరెత్తంగనే ఎట్ల చెమటలు పట్టినయో!" అంది కల్పలత, అందరికీ వినబడేలా.

డోరా వచ్చింది. మోకాళ్లు పట్టుకుంటూ మూడంతస్తులు ఎక్కి, ఒక సీసా ఎత్తి చూసింది. ఆమె రెండు మణికట్లకూ పట్టీలున్నాయి.

"బాటిల్స్ నావే. కానీ ఈ సాస్ నేను చెయ్యలేదు. నేను సాస్ చేసి టూ ఇయర్స్ అవుతుంది. ఈ చేతులతో ఒక ఆపిల్ చెక్కు కూడా తియ్యలేను."

"మరి వారం వారం మా ఇంటికి వచ్చేది?" కల్పలత గొంతు హెచ్చింది.

"అది మీ హరి చేస్తాడు కదా! ఎవ్రీ సండే, మా కిచెన్‌లో. నేను కుర్చీలో కూర్చుని తిడతాను, అతను కలుపుతాడు. నీకు చెప్పలేదా?"

మేడ మీద అందరూ హరికిషన్ వైపు తిరిగారు. ఆయన దాక్కోవడానికి అక్కడ పేపరు లేదు.

"ఏం చెప్పాలె? యాడికి పోయినా తొక్కు కల్పలతమ్మ ఇంటాయన అంటరు. నా పేరు ఒక్కనికి తెల్వదు. నాకు సుత ఒక్కటన్న రావాలె అనిపించింది. ఇంట్ల చేద్దామంటే నువ్వు వంటింట్ల గ్లాసు సుత ముట్టనియ్యవు."

"మరి రోజు నా ముంగట ఆ మెచ్చుకునుడేంది?"

"నువ్వు ఒక్కసారన్న తిని బాగుంది అంటవేమోనని."

కల్పలత అతని ముందుకొచ్చింది. ఇక ఆగలేదు. "నేను ముప్ఫై ఒక్క ఏండ్ల సంది చేసి పెడ్తున్న. మీరెన్నడన్న ఆ మాట అన్నరా?"

"ఊరంత అంటనే ఉంది గద. నేనొక్కణ్ని అంటే నీకేం ఎక్కువైతది?" హరికిషన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నాకు అదే ఎక్కువ," అంది కల్పలత. ఆ మాట అంటుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

హరికిషన్ తల దించుకున్నాడు. "బాగుంటది. రోజు బాగుంటది," అన్నాడు మెల్లగా.

అసలు సరుకేమిటో చూడనిదే కేసు మూసేది లేదన్నాడు కామరాజు. హరికిషన్ గబగబా కిందికి వెళ్లి, పొద్దున చపాతీకి రాసుకున్న సీసా, నాలుగు చెంచాలు తెచ్చాడు. మొదటి చెంచా కల్పలతకే ఇచ్చాడు. ఆమె నోట్లో పెట్టుకుంది. అది నిజంగానే కరిగిపోయింది. ఇప్పుడు అన్యాయంగా మాట్లాడటానికి ఆమెకు మనసొప్పలేదు.

"బాగుంది," అంది.

విచ్చుకున్న హరికిషన్ ముఖం చూసి డోరా నవ్వేసింది. కల్పలత గుండెల మీద మూడు నెలల నుంచీ కూర్చున్న బరువు దిగిపోయింది. ఈలోగా సీసా చేతులు మారింది. కామరాజు రెండు చెంచాలు తిని, కేసు సంగతి మరిచి, మూడో చెంచా తిన్నాడు.

"హరికిషన్ గారూ, వచ్చే నెల మా అమ్మాయి నిశ్చితార్థానికి నాకు ఇరవై సీసాలు కావాలి." తర్వాత కల్పలత వైపు తిరిగి మర్యాదగా అన్నాడు, "ఆ రోజుకని మీకు చెప్పి ఉంచిన తొక్కు ఇక వద్దులెండమ్మా. ఇది చాలు."

"అన్నా, నాకు సుత రెండు!" అంది భవాని.

కల్పలత చెంచా కింద పెట్టింది. ఇక ఆమె అసూయకు పక్క వీధి దాకా నడిచే శ్రమ తప్పింది.