చక్రాల ఇంట్లో పాలపొంగు

ఆ ఉదయం చెన్నకేశవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికి బండిలోని ఓవెన్ వెలిగించాలి. తొమ్మిదిన్నరకు కేకు దించాలి. పదింటికి మాచర్ల నుంచి చరణ్ అనే కుర్రాడు వచ్చేసరికి పుల్లమ్మ నోట్లో కేకు ముక్క ఉండాలి. ఉంటే బండి మిగులుతుంది, లేకపోతే చరణ్ దాన్ని టిఫిన్ బండి చేసుకోవడానికి తోలుకుపోతాడు. ఇది మొగుడూ పెళ్లాల మధ్య కుదిరిన ఒప్పందం.

చెన్నకేశవులు ముప్పైనాలుగేళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు కింద కూర్చుని ఊళ్లో అందర్నీ అన్ని చోట్లకూ చేర్చాడు గానీ, పెళ్లాన్ని సూర్యలంక సముద్రం దాకా కూడా తీసుకెళ్లలేకపోయాడు. అది ఆయనకు నిజంగానే బాధ. రిటైరయ్యాక పాత తెల్ల వ్యాను ఒకటి కొని, గుంటూరులో అందులో మంచం, సింకు, గ్యాస్ పొయ్యి, పొయ్యి కింద ఓవెన్ పెట్టించి నెల కిందట రెంటచింతల తెచ్చాడు. పుల్లమ్మ లోపలికి తొంగిచూసింది. మంచానికి మూరెడు దూరంలో సిలిండరు కనబడేసరికి వెంటనే దిగిపోయింది.

"ఇంట్లోనే సిలిండరు గోడకవతల పెట్టించుకున్నా. నువ్వేమో పక్కలో పెట్టుకుని పడుకోమంటన్నావా?"

"మెకానిక్కు అయిదు సూత్రాలు రాసిచ్చాడే. అట్టా చేస్తే ఏం కాదు."

ఆ కాగితాన్ని పొయ్యి పక్కన అంటించింది చెన్నకేశవులే. అంటించాడు కాబట్టి ఇక చదవాల్సిన పని ఉందని ఆయనకు తోచలేదు.

పక్కింటి గ్రేసమ్మ కలిపిచ్చిన కేకు పిండి గిన్నెలో సిద్ధంగా ఉంది. చెన్నకేశవులు అగ్గిపెట్టె తీశాడో లేదో పుల్లమ్మ అడ్డం వచ్చింది.

"కొత్త ఇంట్లో, కొత్త పొయ్యి మీద ముందు కేకేంది? పాలు పొంగాల. అదీ తూర్పుకి పొంగాల."

"ఇది ఇల్లు కాదే, బండి."

"మరి ఇల్లు కాకపోతే నన్నెట్టా ఉండమంటన్నావు?"

చెన్నకేశవులు అగ్గిపెట్టె పక్కన పెట్టాడు. పాలు ఏ పడమటికో పొంగితే పుల్లమ్మ సూర్యలంక కాదుగదా, గుమ్మం కూడా దాటదు. అందుకని చెన్నకేశవులు అదృష్టానికి కొంచెం చేయందించాడు. ఇంటి ముందు జాగా చాలక బండిని రోడ్డు మధ్యకు తీసి, పడమటి వైపు చక్రాలను ఇటుకల మీదకెక్కించాడు. బండి తూర్పుకు ఒరిగింది. వడగాలికి మంట కదలకుండా కిటికీలు, తలుపు మూసేశాడు.

గిన్నె నిండా పాలు పోసి పొయ్యి మీద పెట్టారు. పాలు కాగాయి. ఇద్దరూ చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. పాలు అచ్చంగా తూర్పుకే పొంగాయి. పొంగినవి పొంగినట్టే మంట మీద పడి దాన్ని ఆర్పేశాయి. నాబ్ మాత్రం తెరిచే ఉంది. చెన్నకేశవులు మూసిన కళ్ల వెనక సముద్రం చూస్తున్నాడు.

గ్యాస్ లీకైతే మోగడానికి సిలిండరు పక్కన తగిలించిన అలారం ఒక్కసారిగా కీచుమంది. అదే సమయానికి మాచర్ల బస్సు వచ్చి వెనక ఆగి హారన్ మోగించింది. వెనక హారన్ వినిపిస్తే ముందు దారివ్వాలన్నది ముప్పైనాలుగేళ్ల అలవాటు. చెన్నకేశవులు డ్రైవరు సీట్లోకి దూకి తాళంచెవి పట్టుకున్నాడు.

పుల్లమ్మ దాన్ని లాక్కుని కొంగున ముడేసుకుంది.

"తాళం తిప్పితే నిప్పురవ్వ వస్తది! ముందు దిగు!"

ఆయన దిగాడు. ఆమె నాబ్ కట్టేసింది, సిలిండరు కట్టేసింది, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, ఏ స్విచ్చీ తాకకుండా కిందికి దిగింది. చెన్నకేశవులు నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

ఎదురింటి హజ్రా బీకి తెల్ల బండి, తెరిచిన తలుపులు, సైరన్ లాంటి మోత కలిపి చూస్తే ఒకటే అర్థమైంది. బీపీ, షుగరూ చూసే బండి వచ్చింది. ఆమె చెయ్యి చాపుకుంటూ వచ్చి తలుపు ముందు నిలబడింది. ఆమె వెనక ఇరుగుపొరుగూ, బస్సు దిగిన వాళ్లూ వరస కట్టారు. డబ్బుల్లేకుండా చూసే పరీక్ష ఏదైనా సరే, మనకు వద్దని ఎవరంటారు? వరసలో మూడో పెద్దాయన కాలక్షేపానికి బీడీ తీశాడు.

"ఆ బీడీ ముట్టించావంటే అందరం పైకి పోతాం!" పుల్లమ్మ అరుపుకు బీడీ జేబులోకి, వరస రోడ్డవతలికి వెళ్లిపోయాయి.

బస్సు డ్రైవరు పరుగున వచ్చాడు. "గురువుగారూ, కొంచెం బండి తియ్యండి."

"స్టార్ట్ చేసేది లేదు," పుల్లమ్మే చెప్పింది. "వాసన పోయిందాకా ఆగండి. ఆనక తోద్దాం."

కాసేపటికి అలారం ఆగింది. బీపీకి వచ్చిన వాళ్లందరూ కలిసి వ్యానును ఇటుకల మీద నుంచి దించి, గ్రేసమ్మ ఇంటి పక్క ఖాళీ జాగాలోకి తోశారు. బస్సు కదిలింది. హజ్రా బీ మాత్రం కదల్లేదు.

"మరి నా బీపీ?"

"ఇయ్యాల చూస్తే మనందరికీ ఎక్కువే ఉంటదిలే వదినా," అంది పుల్లమ్మ.

సరిగ్గా అప్పుడే చరణ్ వచ్చాడు. బండి చుట్టూ ఇంకా మిగిలిన ఊరి జనాన్ని చూసి, వాళ్లను తోసుకుంటూ ముందుకొచ్చాడు. "బాబాయ్, వీళ్లందరూ కొనేవాళ్లేనా? ముందు మాటిచ్చింది నాకు!"

చెన్నకేశవులు తల దించుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "తీసుకుపోరా చరణూ. నాకు చేతకాలా. ఇంకొంచెమైతే మీ పిన్నిని నా చేత్తోనే చంపుకునేవాణ్ణి."

"ఆగు," అంది పుల్లమ్మ. "బండి ఎవరిస్తన్నారు?"

"నీకు భయమన్నావుగదే!"

"భయమే. అందుకే నువ్వంటించిన కాగితం నెలరోజుల్నుంచీ రోజూ చదువుకుంటన్నా."

ఆమె మళ్లీ బండెక్కింది. కారిన పాలు తుడిచింది, కిటికీలు తెరిచే ఉన్నాయో లేదో చూసింది, సిలిండరు తిప్పింది. ముందు అగ్గిపుల్ల గీసి ఓవెన్ లోపలి రంధ్రం దగ్గర పెట్టి, ఆ తర్వాత నాబ్ నొక్కి తిప్పింది. నీలంగా మంట అందుకుంది. నొక్కిపట్టే పది అంకెలు లెక్కపెట్టి నాబ్ వదిలింది. మంట నిలిచింది.

కేకు ఒకవైపు కొంచెం మాడింది. ఒక ముక్క చరణ్‌కు, ఒకటి హజ్రా బీకి ఇచ్చి, పుల్లమ్మ తన ముక్క నోట్లో పెట్టుకుంది.

"సూర్యలంకకు ఎప్పుడు పోదాం?"

చెన్నకేశవులు చెయ్యి చాపాడు. కొంగు ముడి విప్పి ఆమె తాళంచెవి చేతిలో పెట్టాక, "రేపే," అన్నాడు.

మర్నాడు ఉదయం ఆయన బండెక్కి చూస్తే, పొయ్యి పక్క కాగితం మీద అయిదు సూత్రాల కింద పుల్లమ్మ చేతిరాతలో ఆరోది చేరి ఉంది: 'డ్రైవరు పొయ్యి ముట్టరాదు.'