టైపుల పట్టాభిషేకం

"ఈ రోజు నుంచి మన కోడ్‌లో ఊరూ పేరూ లేని విలువ ఒక్కటి కూడా ఉండరాదు!" అని మా యజమాని శివరామ్ గారు ప్రకటించారు. పురసవాక్కంలో మూడు తరాలుగా చీరలు అమ్ముతున్న కుటుంబం వారిది. ఇప్పుడవే చీరలు వెబ్‌సైటులోనూ అమ్ముతున్నారు. ఆ సైటులో జనానికి కనిపించే పేజీలన్నీ రాసేది మేమే.

ఆయన చెప్పిన ఈ పద్ధతిని స్టాటిక్ టైపింగ్ అంటారు, బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ డబ్బాలో అంకె, ఆ డబ్బాలో మాట అని ముందే చీటీ అంటించడం; ఆ చీటీయే టైపు. చక్కెర డబ్బాలో ఉప్పు పోయబోతే, కాఫీ కలపకముందే కంప్యూటర్ చెయ్యి పట్టుకుంటుంది.

మాతో పనిచేసే జనని రెండేళ్ళుగా ఇదే అడుగుతోంది. అడిగినప్పుడల్లా, మా తాత చీటీలు చూసే వ్యాపారం చేశాడా అని శివరామ్ గారు నవ్వేవారు. ఈమధ్య గిండీలో ఏదో సదస్సుకు వెళితే, పక్క కుర్చీలోని పోటీ కంపెనీ ఆయన "మీరింకా టైపుల్లేకుండానేనా?" అని జాలిగా చూశాడట. ఆ జాలి మా యజమానికి అరగలేదు.

వెంటనే కమిటీ వేశారు. అధ్యక్షులు ఆయన బావమరిది గిరి గారు. నెలాఖరుకు నూటికి నూరు శాతం టైపులు ఉండాలన్నారు. మాకు దారి దొరికింది. టైపులున్న ఫైలనిపించేలా పేరు చివర అక్షరాలు మార్చి, తప్పుందని కంప్యూటర్ ఎర్రగీత గీసిన చోటల్లా 'ఎనీ' అని రాశాం. అంటే ఈ డబ్బాలో ఏదైనా ఉండవచ్చునని. చీటీ అంటించినట్టే ఉంటుంది, చీటీ మీద మాత్రం ఏమీ ఉండదు.

జనని ఒక్కతే తన వంతు వచ్చిన కొనుగోలు బుట్ట పేజీకి నిజంగా టైపులు రాసింది. తెర నిండా ఎర్రగీతలు. చీరల సంఖ్య అంకెగా కాక మాటగా వస్తోందని కనిపెట్టింది. కొత్తగా పెట్టబోయే 'ఇంకొకటి' మీట నొక్కితే రెండూ ఒకటీ మూడు కావు, రెండు పక్కన ఒకటి చేరి ఇరవై ఒకటి అవుతుందని కమిటీకి విన్నవించింది.

గిరి గారికి అర్థమైంది ఒక్కటే. అందరి పేజీలూ పచ్చగా ఉన్నాయి, ఈ అమ్మాయిది ఎర్రగా ఉంది.

"ఏమ్మా, నీ పేజీలోనే ఇన్ని తప్పులేమి?" అన్నారు.

"తప్పులు అందరి పేజీల్లోనూ ఉన్నాయి సార్. నా దాంట్లో కనబడతా ఉన్నాయి, అంతే."

"అట్లయితే కనబడకుండా చెయ్."

ఆమె చెయ్యనంది. ఆ పేజీ నాకిచ్చారు. కాఫీ చల్లారేలోపు ఎనీలు రాసి పచ్చగా మార్చాను.

విజయోత్సవ సభ ఘనంగా జరిగింది. మాకందరికీ శాలువాలు కప్పారు. పని పాడు చేసిందని జననిని చివరి వరుసలో కూర్చోబెట్టారు. ఆ వేదిక మీదే 'ఇంకొకటి' మీటను ఆవిష్కరించారు.

మర్నాడు చింతాద్రిపేటలో తాయారు అనే ఆవిడ రెండు చీరలు ఎంచుకుని, ముచ్చటపడి 'ఇంకొకటి' నొక్కి, లెక్క చూసుకోకుండానే ఆర్డరు పెట్టింది. ఆవిడ గడపలో ఇరవై ఒక్క చీరలు దిగాయి. వారం తిరిగేసరికి అలాంటి గడపలు ఊరంతా తేలాయి. ఫోన్లు ఎత్తలేక ఎత్తలేక తీగలు పీకేశారు.

శివరామ్ గారు మళ్ళీ సభ పెట్టారు. టైపులనేవి మన నేలకు పడవని, వాటి మూలానే ఈ అనర్థమని, పాత పద్ధతికి మారాలని సెలవిచ్చారు. చప్పట్లు కొట్టాం. ఎనీలు చెరిపి, ఫైళ్ళకు పాత పేర్లు పెట్టాం. టీ వేళకే అయిపోయింది. లోపల ఏదైనా రాసి ఉంటే కదా, తీసెయ్యడానికి ఆలస్యమయ్యేది.

ఆ సాయంత్రం ఆయన జననిని గదిలోకి పిలిచారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"మా పాప కల్యాణం వస్తా ఉండాది. చుట్టాలంతా మన సైట్లోనే చీరలు ఎంచుకుంటారు. వాళ్ళకని తనిగా, వేరేగా ఒక పేజీ చెయ్. దానికి మాత్రం నువ్వు చెప్పినావే, ఆ నిజం టైపులు పెట్టు. గిరికి తెలియనీయొద్దు."

"మరి మిగతా కస్టమర్లకు సార్?"

శివరామ్ గారు ఆమెను వింతగా చూశారు.

"వాళ్ళేమన్నా మన చుట్టాలామ్మా?"