నల్ల రిబ్బను కట్టించుకున్న అధికారి

ఉదయం చల్లగా ఉండగానే అభ్యాసం మొదలుపెట్టాలి. నగర ఆరోగ్యాధికారిని ముందు గేటు దగ్గర కలుసుకుని లోపలికి తీసుకువెళ్లాలి. భోజనాల వేళకు ఆయన నోటి నుంచి "కొనసాగించండి" అన్న ఒక్క మాట రాబట్టాలి. సిస్టరమ్మ వేసుకున్న పథకం ఇంతే. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆమె. ఆమె పథకాలకు అడ్డు తగిలే ధైర్యం రోగాలకు కూడా ఉండేది కాదని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఒక్క మాట మీదే ఆమె నడిపే దళం బతుకు ఆధారపడి ఉంది. బట్టల బజారులో మంటలు లేచిన రోజున గాయపడినవాళ్ల చుట్టూ నిలబడి ఫోన్లలో బొమ్మలు తీసినవాళ్లకు కొదవ లేదు గాని, ముందుకు వచ్చి చేయి వేసినవాళ్లు లేరు. అది చూసి వచ్చిన సిస్టరమ్మ కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడడం మొదలుపెట్టాక పేటలో ఎవరినీ వదలలేదు. మందుల షాపాయన, టైలరమ్మ, సిటీ బస్సు డ్రైవరు, ఇంకా అలాంటివాళ్లు ఆమె దగ్గర ప్రథమ చికిత్స నేర్చుకుని వైద్య సహాయ దళమయ్యారు. పేట చివరి పాత సభాభవనాన్ని ఆరోగ్య కార్యాలయం వాళ్లకు వాడుకోవడానికి ఇచ్చింది. ఇప్పుడు కొత్తగా వచ్చిన అధికారి, మిషను కుట్టే ఆవిడ నాడి పట్టుకుంటే ప్రభుత్వం నవ్వులపాలవుతుందనీ, దళాన్ని రద్దు చేయాలనీ అభిప్రాయానికి వచ్చాడు. దళాన్ని ఒక్కసారి కూడా చూడకుండానే వచ్చాడు. కార్యాలయాల్లో దీనిని దూరదృష్టి అంటారు.

రోగులుగా నటించడానికి కాలేజీ నాటక బృందం వెనక గేటులోంచి రావాలి. సిస్టరమ్మ చెల్లెలు అక్కడ కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి చేతికి ఏదో ఒక రంగు రిబ్బను కట్టాలి. ఎర్రదైతే వెంటనే చూడవలసిన రోగి, పసుపుదైతే కాసేపు ఆగగల రోగి, నల్లదైతే ప్రాణం పోయిన మనిషి.

"ఆ గేటులోంచి ఎవరొచ్చినా కట్టెయ్. ఎవరు, ఏమిటి అని ఆరాలు తీయకు" అంది సిస్టరమ్మ.

"ఎవరొచ్చినానా అక్కా?"

"ఒక్కసారి చెబితే వినడం నీకు చిన్నప్పటి నుంచీ లేదు."

దళానికి చెప్పినది కూడా అంత స్పష్టంగానే చెప్పింది. "రోగి మాట నమ్మకండి. దెబ్బ తగిలినవాడు నాకేం కాలేదంటాడు. ఏమీ కానివాడు చచ్చిపోతున్నానంటాడు. మీరు కళ్లతో చూడండి, చేత్తో పట్టి చూడండి. ఇవాళ ఏం జరిగినా సరే, ఇది నిజమా అని నన్నడగద్దు. అడిగినవాళ్లు ఇంటికెళ్లిపోవచ్చు."

నాటక బృందం ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. ఆ కబురు సిస్టరమ్మ ఫోనుకు వచ్చింది. అభ్యాసం జరుగుతున్నంతసేపూ ఫోన్లు ఆపివేయాలని నియమం పెట్టినది ఆమే కనుక, ఆ ఫోను ఆపివేసి ఉంది.

కాబట్టి వెనక గేటులోంచి మొదట వచ్చినవాడు, కారుతున్న కుళాయి బాగుచేయడానికి పిలిపించిన ప్లంబరు. చెల్లెలు అతనికి ఎర్ర రిబ్బను కట్టింది.

"నేను కుళాయి పనికొచ్చానమ్మా!"

"అందరూ ఏదో ఒక పనికొచ్చినవాళ్లే బాబూ. చెయ్యి కదపకు."

డ్రైవరు, మందుల షాపాయన అతని తలకు అక్కడే కట్టు కట్టి, స్ట్రెచరు మీద హాల్లోకి మోసుకుపోయారు. "కుళాయి, కుళాయి అని ఒకటే కలవరింత. తలకి గట్టి దెబ్బే తగిలింది" అన్నాడు షాపాయన, జాలిగా.

రెండోవాడు ఆరోగ్యాధికారి. ముందు గేటులోంచి వస్తే ముస్తాబు చేసిన దళం కనబడుతుందనీ, వెనక గేటులోంచి వస్తే అసలు దళం కనబడుతుందనీ ఆయన లెక్క. ఆయనకు నల్ల రిబ్బను పడింది.

"ఏమిటిది? నేనెవరో తెలుసా? ఆరోగ్యాధికారిని!"

"అయ్యుంటారు బాబూ. ఇప్పుడు మాత్రం పోయారు" అంది చెల్లెలు. ఆమె ఆయనను ఏనాడూ చూసి ఎరగదు.

టైలరమ్మ, డ్రైవరు ఆయనను మూలనున్న చాప మీద పడుకోబెట్టారు. ఆయన లేచాడు. మళ్లీ పడుకోబెట్టారు.

"మీ అందరి సంగతీ తేలుస్తాను!" అని అరిచాడాయన.

"బాగా చేస్తున్నారండీ, కాదనను. కానీ మీది శవం వేషం. మాట్లాడకూడదు" అంది టైలరమ్మ, ఓపికగానే.

మూడోసారి ఆయన లేవలేదు. తాను గదిలో ఉండగా ఒక్కరూ తనవైపు తిరిగి చూడకపోవడం, ఉద్యోగంలో చేరిన తరువాత ఆయనకు అదే మొదటిసారి.

ఇంతలో ఎదురింటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ, తలకు కట్టుతో ప్లంబరును మోసుకుపోవడం చూసింది. చూసి ఊరుకోలేదు. ముందు గేటు దగ్గర అధికారి కారు కోసం ఎదురు చూస్తున్న సిస్టరమ్మ మీదికి ప్లంబరు భార్య, అత్త, బావమరిది, వాళ్ల వెనక వీధిలో సగం మంది ఒక్కసారిగా వచ్చిపడ్డారు.

"మా బావని ఎవరు కొట్టారు?" అన్నాడు బావమరిది చొక్కా చేతులు పైకి మడుస్తూ.

"ఎవరూ కొట్టలేదు నాయనా. లోపల జరిగేది అభ్యాసం."

"మనుషుల్ని కొట్టడానికి అభ్యాసం కూడానా!"

సిస్టరమ్మను తోసుకుని అందరూ లోపలికి పోయారు. భార్య గుండెలు బాదుకుంది. అది చూసి దళం ముచ్చటపడింది.

"బంధువుల్ని కూడా పెట్టించారండోయ్!" అన్నాడు డ్రైవరు.

"ఆ ఏడుపు చూడండి, అచ్చం ఇంట్లో ఏడ్చినట్టే ఉంది" అంది టైలరమ్మ.

జనంలో బావ కనబడక బావమరిది వేదిక ఎక్కాడు. అత్త ఎక్కింది. ఊరికే చూడవచ్చినవాళ్లూ ఎక్కారు. ఏనాటిదో ఆ చెక్క వేదిక. ఒక్కసారి మూలిగి, ఫెళ్లున విరిగి, ఎక్కినవాళ్లతో సహా కూలిపోయింది.

దుమ్ము లేచింది. గుమ్మంలో నిలబడిన సిస్టరమ్మ "ఇది నిజం!" అని అరవడానికి నోరు తెరిచింది. అప్పటికే వాళ్లు కదిలారు.

ఎవరూ ఎవరినీ పిలవలేదు. డ్రైవరు జనాన్ని రెండు పాయలుగా చీల్చి గుమ్మం దాకా దారి చేశాడు, నేర్పినట్టే చూడవచ్చినవాళ్ల చేత అంబులెన్సుకు ఫోను చేయించాడు. షాపాయన స్పృహ లేని అత్త తల దగ్గర మోకరిల్లి, మెడ కదలనివ్వకుండా దవడను ముందుకు ఎత్తి పట్టుకున్నాడు. గురగురలాడుతున్న ఊపిరి దారికి వచ్చింది. విరిగిన చెక్క చీరేసిన బావమరిది తొడ నుంచి రక్తం ఎగజిమ్ముతోంది. టైలరమ్మ రెండు చేతులూ దాని మీద మోపి ఒంటి బరువంతా వేసింది.

"చచ్చిపోతున్నానక్కా!"

"అరుస్తున్నావంటే ఊపిరి ఆడుతోందన్నమాట. అరుచుకో, ఫర్వాలేదు."

రక్తం ఆగకపోయేసరికి గాయానికి పైన పట్టీ వేసి, కర్ర దూర్చి, మెలితిప్పి బిగించింది. ఆమె ముఖంలో, జాకెట్టు చేతులు కొలతకు సరిపోయాయా లేదా అని చూసేటప్పటి శ్రద్ధ తప్ప మరేమీ లేదు.

సిస్టరమ్మ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పేరున్న సర్జన్ల చేతులు వణకడం ఆమె చూసింది. ఇక్కడ ఒక్క వేలు వణకడం లేదు. ఎందుకు వణకడం లేదో ఆమెకు మరుక్షణంలో తెలిసింది. వాళ్లకు ఇది ఇంకా అభ్యాసమే. ఒక్క మాట తాను పలికితే ఆ చేతులు చేతులుగా ఉండవు. జీవితమంతా నోటితో వార్డులు నడిపిన మనిషి, తెరిచిన నోరు మూసుకుంది. దేవాలయంలోకి అడుగుపెట్టినదానిలా గోడకు ఒదిగి నిలబడింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. వాటిని తుడుచుకుంటే ఎక్కడ చప్పుడవుతుందోనని తుడుచుకోలేదు.

అంబులెన్సులో వచ్చిన డాక్టరు బావమరిది తొడ చూసి, "ఈ కట్టు వేసిందెవరు? ఇది లేకపోతే మనిషి దక్కేవాడు కాదు" అన్నాడు. డాక్టరు వేషం కూడా బాగుందనుకుంది టైలరమ్మ. గాయపడినవాళ్లను తీసుకుపోయాక చేతులు కడుక్కుంటూ, "సిస్టరమ్మా, ఈ రంగు ఎక్కడ కొన్నారు? రుద్దినా వదలడం లేదు" అని ఫిర్యాదు చేసింది.

అప్పుడు మూలన చాప మీది శవం లేచి, దుమ్ము దులుపుకొని వచ్చింది. నల్ల రిబ్బను చూసి, ఆ పైన ముఖం చూసి, సిస్టరమ్మ తన దళం పని అయిపోయిందనుకుంది.

"వాళ్లకి తెలియదా?" అని అడిగాడు అధికారి, గొంతు బాగా తగ్గించి.

"తెలియదు."

"అక్కడ పడుకుని అంతా చూశానమ్మా. మా ఆఫీసులో కుర్చీ విరిగితే, పడ్డవాణ్ణి ఏ సెక్షను వాళ్లు లేపాలో తేల్చడానికి మీటింగు పెడతాం." ఆయన కాసేపు టైలరమ్మ వైపే చూశాడు. "కొనసాగించండి."

సిస్టరమ్మ ఫోను తెరిచి బస్సు కబురు చూసుకుంది, దళాన్ని దగ్గరికి పిలిచింది. "ఇవాళ జరిగింది అభ్యాసం కాదు. నటించేవాళ్లు రానేలేదు. అంతా నిజం" అంది.

టైలరమ్మ తన చేతులను పరాయివాళ్ల చేతులను చూసినట్టు చూసుకుంది. డ్రైవరు ఉన్నచోటనే కూలబడ్డాడు. మందుల షాపాయన, "మరైతే ఆ పెద్దావిడ..." అంటూ నిలువునా స్పృహ తప్పి పడిపోయాడు. ఇంతసేపూ ఇంత చేసిన దళంలో ఒక్కరికీ కాలు కదలలేదు. చివరికి అధికారే స్ట్రెచరు తెచ్చి, నడుము వంచి ఒక కొస పట్టుకున్నాడు.

"నడుము కాదు, మోకాళ్లు వంచండి" అంది సిస్టరమ్మ, రెండో కొస పట్టుకుంటూ.

ఆయన వంచాడు, అలవాటు లేని పని కావడం చేత కీళ్లు కొంచెం చప్పుడు చేశాయి.