కరక్కాయ నీళ్ళ కుండ

ఆ రోజు శౌరమ్మ పొద్దున్నే నాట్లకు వెళ్ళిపోగా ఇంట్లో మిగిలింది నలుగురు: ఈస్టరు నుంచి మందు మానేసిన ఆమె భర్త అంతోని, అతను మానేశాడంటే నమ్మని అతని తల్లి సంపూర్ణమ్మ, ఆ ఇద్దరి ముందూ నోరు పెగలని కూతురు కృప, పెరట్లో గోనెపట్టా కప్పుకుని బుడబుడమంటున్న ఒక కుండ.

కుండ కృపది. విజయవాడలో పాలిటెక్నిక్ చదివే ఆ పిల్ల సిమెంటు లేని ఇటుక తయారు చేస్తోంది. రైసుమిల్లు ఊక బూడిదలో సున్నం కలిపి, పాతకాలపు మేస్త్రీల్లా కరక్కాయ, నల్లబెల్లం పులియబెట్టిన నీళ్ళు పోయాలి. ఇప్పటికి రెండుసార్లు పోసిన దిమ్మెలు బీటలిచ్చాయి. ఇవాళ పోస్తేనే ఇరవై ఎనిమిది రోజులకు, పరీక్ష నాటికి, గట్టిపడతాయి. ఇవీ పగిలితే ఈ ఇటుక సంగతి మరిచిపొమ్మన్నారు కాలేజీలో జయకృష్ణ సార్. కుండను బస్సెక్కిస్తే వాసనకి కండక్టరు దింపేస్తాడని, తొమ్మిదింటికి ఆయనే అచ్చులు తీసుకుని జీపులో వస్తున్నారు. ఇదంతా ఇంట్లో చెప్పాలని కృప పది రోజులుగా అనుకుంటూనే ఉంది.

ఎనిమిదిన్నరకు సంపూర్ణమ్మ పిడకల కోసం వెళ్ళి గోనెపట్టా ఎత్తింది. వాసన చూసి సిలువ గుర్తు వేసుకుంది.

"ఒరే అంతోనీ! ఫాదరుగారి ముందు ఒట్టేసొచ్చి, ఇంట్లోనే సారా పెట్టావేంట్రా?"

"నేనా? మోకాళ్ళకి రుద్దుకోటానికి కాస్త సారా దొరికితే బాగుండునని మొన్న ఏడ్చిందెవరే?"

"నానమ్మా, అది నాది," అంది కృప చిన్నగా.

"చూశావా! నిన్ను కాపాడాలని బంగారుతల్లి నింద నెత్తినేసుకుంటంది!"

అంతోని కళ్ళు చెమర్చాయి. "నన్ను కాదమ్మా, నిన్ను కాపాడతంది."

"నిజంగా నాదే నాన్నా. కాలేజీకి..."

"కాలేజీలో కూడా అమ్మిస్తన్నావా పిల్ల చేత!" అంటూ సంపూర్ణమ్మ కొడుకు వీపు చరిచింది.

అంతలో సందు మొదట్లో జీపు ఆగింది. ఖాకీ ప్యాంటాయన దిగి, "అంతోనిగారి ఇల్లెక్కడండీ? కుండ చూడాలి," అని ఇంటింటా అడుగుతున్నాడు.

"ఎక్సైజోళ్ళు!" అన్నారు తల్లీకొడుకులు. పొద్దుటి నుంచి వాళ్ళకి మాట కలిసింది అప్పుడే.

అంతోని కుండ ఎత్తి పెరట్లో ఉన్న గుంటలో ఒంపేశాడు. గుప్పుమంది. వాసన చావడానికి సంపూర్ణమ్మ గోడవారన కృప తెచ్చిపెట్టుకున్న సున్నం కుమ్మరించింది. చావలేదు. పక్కనున్న బూడిద కూడా కుమ్మరించింది. "వద్దు నాన్నా!" అని కృప చెయ్యి పట్టుకుంటే, "ఊరుకో, జైలుకి పోతాం," అంటూ అంతోని పంచె ఎగ్గట్టి తొక్కడం మొదలుపెట్టాడు. ఖాకీ ప్యాంటాయన ఇల్లు కనుక్కుని వచ్చేసరికి గుంటలోది వెన్నముద్దలా అయింది.

"ఏం లేదు బాబూ, ఎలకబొరియ పూడుస్తన్నాం," అంది సంపూర్ణమ్మ, బోర్లించిన కుండ మీద కూర్చుని.

కృపకి ఏడుపొచ్చింది. "సార్, మొత్తం ఒంపేశారు."

ఆయన గుంట దగ్గర గొంతుక్కూర్చుని పిడికెడు తీసి, ఉండ చేసి, నడుమెత్తు నుంచి నేల మీదికి వదిలాడు. ఉండ కొద్దిగా చదునైంది గాని పగల్లేదు. మళ్ళీ వదిలాడు. పగల్లేదు.

"బూడిద ఎంత పోశారండీ?"

సంపూర్ణమ్మ కుండ మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"ఈయన పోలీసు కాదు నానమ్మా, మా సారు. ఆ కుండ నా ఇటుకల కోసం," అంది కృప. పది రోజులుగా రాని మాట అంత గట్టిగా వచ్చేసరికి తనే ఉలిక్కిపడింది.

సంపూర్ణమ్మ కుండ మీద నుంచి లేచింది. "బూడిద రెండు తట్టలు బాబూ. సున్నం ఒకటి. వాసన పోలేదని ఇంకో దోసెడు."

"తొక్కింది ఎంతసేపు?"

"భయం తీరేదాకా," అన్నాడు అంతోని.

సార్ నవ్వేశారు. "మేం బూడిద ఇందులో సగమే వేస్తున్నాం. తొక్కడం అసలు లేదు. కృపా, ఈసారి దిమ్మెలు నిలబడేట్టే ఉన్నాయి. ఎండ తగలకుండా ఇప్పుడే పోసేద్దాం."

జీపులోని అచ్చులు పెరటి పాకలోకి చేరాయి. సంపూర్ణమ్మ కొంగు దోపి తాపీ అందుకుంది. అంతోని తట్టలు మోశాడు. కృప నోటుపుస్తకం పట్టుకుని గడప దాకా వచ్చింది.

"నువ్వెందుకమ్మా, సున్నం కళ్ళల్లో పడుద్ది. చదువుకునే పిల్లవి!" అని సంపూర్ణమ్మ తలుపేసేసింది.

లోపల పరిశోధన మొదలైంది. పరిశోధకురాలు బయట కోళ్ళు తోలుతోంది.