మంత్రిగారి ఆదర్శ రక్తం

ఆఖరి రక్తపు బొట్టు వరకు ప్రజలకే అంకితమని ఎన్నికలప్పుడు అందరూ అంటారు. మా ఆరోగ్యశాఖ మంత్రిగారు మాత్రం అన్నంత పనీ చేశారు. ఎందుకైనా మంచిదని మొదటి బొట్టుతో మొదలుపెట్టారు. ఆ శాఖలో ఫొటోగ్రాఫర్ని కాబట్టి ఆ చారిత్రక ఘట్టాన్ని కళ్ళారా చూసే భాగ్యం నాకు దక్కింది.

పెద్దాసుపత్రి ల్యాబులో రక్త క్యాన్సర్ మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న రక్తం మైక్రోస్కోపులో ఎలా కనిపిస్తుందో ఫొటో తీసి ప్రతి ఆసుపత్రి గోడకీ తగిలిస్తే, చిన్న ఊళ్ళ డాక్టర్లు కూడా పోల్చి చూసుకుని జబ్బుని తొందరగా పసిగడతారని ఆవిడ ఆలోచన. ఫైలు మంత్రిగారి దాకా వెళ్ళింది.

"నేనుండగా ఇంకొకళ్ళ రక్తమెందుకు?" అన్నారాయన.

ల్యాబుకొచ్చి వేలు చాచారు. సూది గుచ్చగానే చప్పట్లు మోగాయి. డాక్టరమ్మ ఆ బొట్టుని గాజుపలక మీద పలచగా పరిచి, ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశారు. చూస్తూ ఉండిపోయారు.

"సార్, మీరు ఇవాళే అడ్మిట్ అవ్వాలి."

"ఇవాళ ప్రారంభోత్సవాలున్నాయి మేడమ్," అన్నాడు పీఏ.

"తెల్లకణాలు విపరీతంగా పెరిగాయి సార్."

"ఒంటికి కాపలా కాసేవి అవేగా?" అన్నారు మంత్రిగారు. "సెక్యూరిటీ పెంచమని నేనే అడిగాను."

"ఇవి కాపలా కాయలేవు సార్. ఎదగని పిల్లకణాలు."

"సారు యువజన విభాగం నుంచే పైకొచ్చారండీ," అన్నాడు పీఏ గర్వంగా.

"చేతి మీద ఈ కమిలిన మచ్చలేంటి?"

"జనం అభిమానం."

"నీరసం?"

"ప్రజాసేవ."

"ఇది రక్త క్యాన్సర్ సార్," అన్నారావిడ. "ఇప్పుడే వైద్యం మొదలుపెడితే బతుకుతారు. మీకు దణ్ణం పెడతాను, నా మాట వినండి."

మంత్రిగారు పెద్దమనసుతో ఆవిణ్ణి క్షమించారు. పాపం, చూపులో ఏదో లోపం ఉందని గ్రహించి, కంటి ఆసుపత్రి గోడౌనుకి బదిలీ చేశారు. ఆయన రక్తం ఫొటోకి ఫ్రేము కట్టించి, కింద 'ఆరోగ్యమంటే ఇదీ' అని రాయించి అన్ని ఆసుపత్రులకీ పంపించారు. దీనితో సరిపోలిన రక్తమే ఆరోగ్యమని ఉత్తర్వులిచ్చారు.

ఫలితాలు అమోఘం. రక్త క్యాన్సర్ రోగులందరి రక్తమూ ఫొటోతో సరిపోయింది. అందర్నీ అభినందించి ఇళ్ళకి పంపించారు.

"మా అమ్మాయి నిలబడలేకపోతోందయ్యా," అన్నాడు ఒక తండ్రి, కూతుర్ని భుజాన వేసుకుని.

"అచ్చం మంత్రిగారి రక్తంలాంటి రక్తమయ్యా! అదృష్టవంతుడివి," అన్నాడు డ్యూటీ డాక్టరు.

ఆ పిల్లని ఫొటో తీశాను. ఫోకస్ కూడా సరిచేసుకున్నాను, ఉద్యోగం కదా.

త్వరలోనే విజయోత్సవ సభ పెట్టారు. "ఇక మన దగ్గర రక్త క్యాన్సర్ లేదు!" అని మంత్రిగారు ప్రకటించారు. చప్పట్ల మధ్య ఆయన ముక్కులోంచి రక్తం కారింది. పీఏ కండువా అందించే లోపే కుప్పకూలిపోయారు.

ఆసుపత్రికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం. అదే డ్యూటీ డాక్టరు రక్తం తీసి, మైక్రోస్కోపులో చూసి, గోడ మీది ఫొటో చూసి, మళ్ళీ మైక్రోస్కోపులో చూశాడు.

"అచ్చు గుద్దినట్టుంది సార్! ఇంత ఆరోగ్యం నా సర్వీసులో చూళ్ళేదు. మీరిక ఇంటికెళ్ళొచ్చు."

మంత్రిగారు నా చొక్కా పట్టుకున్నారు. "ఆ డాక్టరమ్మని పిలవండయ్యా," అన్నారు. మైకు లేకుండా ఆయన గొంతు వినడం నాకదే మొదలు. నిజంగా జాలేసింది.

"ఆవిడ చూపు బాగాలేదని తమరే సంతకం పెట్టారు కద్సార్," అన్నాడు పీఏ.

"మంచం ఖాళీ చెయ్యాలండీ," అంది నర్సు. ఆమె వెనకాల వస్తాదులాంటి మనిషొకడు బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు. అతని రక్తం ఫొటోతో సరిపోలేదట.

డాక్టరూ నర్సూ మంత్రిగారిని చెరో రెక్కా పట్టుకుని గోడ మీది ఫొటో పక్కన నిలబెట్టారు. పత్రికలకి ఒక స్టిల్ కావాలన్నారు. "నవ్వండి సార్," అన్నాను. పీఏ పెద్ద దండ తెచ్చి మెడలో వేస్తే, ఆ బరువుకి ఆయన తల వాలిపోయింది. అందుకని దండ తీసి ఫొటోకి వేశారు.