చివరి మడికి వేక్‌బోర్డు

అయ్యలారా, అమ్మలారా! యాసంగిలో వరి వేసే ప్రతి రైతూ విత్తనాలకంటే ముందు ఒక వేక్‌బోర్డు కొనుక్కోవాలని బల్లగుద్ది చెబుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకు ఈత రాదు, మోకాలు దాటిన నీళ్లంటే వణుకు. కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం ఉందని ఎవరూ అనలేరు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వేక్‌బోర్డు అంటే కాళ్లకు బూట్లలాంటివి బిగించిన ఒక పలక. మనిషి దానిమీద నిలబడి తాడు పట్టుకుంటే, పడవో బండో ఆ తాడును లాగుతుంది. మనిషి నీళ్లమీద జారుకుంటూ పోతాడు. ఎక్కడికి? ఎక్కడికీ కాదు. పోయి, మళ్లీ బయలుదేరిన చోటికే వస్తాడు. అభివృద్ధి అంటే అదే కదా!

కోరుట్ల దగ్గరి మా ఊరికి ఈ భాగ్యం అనుకోకుండా పట్టింది. సిరిసిల్ల వైపు ఒక జలాశయంలో సార్లు ఈ ఆట ప్రదర్శన పెట్టుకున్నారు. సమయానికి పడవ మొరాయించింది. మా ఊరి కాలువలో మోటర్‌సైకిల్‌తో లాగినా సరిపోతుందని ఎవరో సలహా ఇచ్చారు. తెల్లారేసరికి మా కాలువ నిండా నీళ్లు!

ఆ కాలువ కింద చివరి మడి నర్సింగంది. అక్కడిదాకా నీళ్లు రావు. వరి పొట్టకొచ్చింది, ఈ ఒక్క తడి అందకపోతే తాలు గింజలే మిగులుతాయని ఆయన జగిత్యాలలో కనిపించిన ప్రతి సారుకూ చెప్పుకున్నాడు. పైనే నీళ్లు లేవన్నారు. ఆట అనగానే పైన నీళ్లు పుట్టాయి. ఇది వేక్‌బోర్డు మహిమ కాక మరేమిటి?

అయితే ఒక షరతు పెట్టారు. ఊరి అమ్మాయి ఒకరు పడకుండా పోయి, పడకుండా తిరిగి రావాలి. రాగానే ఫొటో తీసి తూము మూసేస్తారు. ఆ అమ్మాయి నర్సింగం కూతురు దీప. డిగ్రీ చదువుతోంది, కాలువలో చేపలా ఈదుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన కోచ్ సునీల్, బాగా చేస్తే శిక్షణకు తీసుకుపోతానని అందరిముందూ మాటిచ్చాడు. ఆ పిల్ల ముఖం అప్పుడు చూడాల్సింది!

ఇక ఫిన్‌ల సంగతి. పలక అడుగున బిగించే రెక్కలవి. పెద్దవైతే పలక తిన్నగా పోతుంది, కానీ లోతు కావాలి. చిన్నవైతే సులువుగా తిరుగుతుంది, కానీ జారుతుంది. సునీల్ ముందు పెద్దవి పెట్టాడు. అవి పూడికలో దిగబడ్డాయి. ఏటా పూడిక తీస్తున్నారని నమ్మే మాకు, ఎంత తీశారో ఒక్క ఫిన్ చెప్పేసింది!

పెద్దవి విప్పి చిన్నవి బిగించాడు. విప్పడానికీ బిగించడానికీ మధ్య మడులు తడుస్తున్నాయి. ఆ సంగతి గమనించగానే మా ఊళ్లో ఫిన్ పండితులు పుట్టుకొచ్చారు.

పై మడి లస్మయ్య పొలం అప్పటికే నిండింది. చిన్నవే మంచివి, ఇక కానివ్వండని ఆయన తీర్పు చెప్పాడు. నడిమి మడి సత్తవ్వ పొలం సగమే తడిసింది. ముందు చిన్నది, వెనక పెద్దది పెట్టి చూడమని ఆమె సలహా ఇచ్చింది. నర్సింగం పొలం ఇంకా నెర్రెలు విచ్చి ఉంది. అన్నీ ఊడదీసి మళ్లీ మొదటినుంచి రమ్మని ఆయన పట్టుబట్టాడు. ఇంత నిజాయితీ గల చర్చ మీరు ఏ టీవీలో చూశారు?

చివరికి పలక రెండు కొసలకూ ఒకేలాంటి చిన్న ఫిన్‌లు ఖాయమయ్యాయి. ఎందుకంటే మా కాలువకు బండి పోయే బాట ఒక కట్టమీదే ఉంది. పోయేటప్పుడు దీప ఎడమ కాలు ముందు పెట్టి బండివైపు చూస్తూ పోతుంది. వచ్చేటప్పుడు అలాగే నిలబడితే బండివైపు వీపు తిరుగుతుంది. అందుకని కుడి కాలు, దానితోపాటు పలక వెనక కొస, ముందుకు రావాలి. దీన్ని స్విచ్ అంటారట. సులువనుకుంటున్నారా? రేపు పొద్దున ఎడమచేత్తో పళ్లు తోముకొని చూడండి!

దీప అద్దంమీద జారినట్టు పోయింది. తిరిగి రావడంలో పడింది. మళ్లీ పడింది. మధ్యాహ్నం దాటాక కుడి కాలు మాట వినడం మొదలుపెట్టింది. సగం దూరం నిలబడే వచ్చింది. సునీల్ చప్పట్లు కొట్టాడు. ఫొటోలవాళ్లు లేచి బట్టలు దులుపుకున్నారు.

నర్సింగం కాలువలోకి దిగి కూతురి దగ్గరికి పోయాడు. కట్టమీద ఉన్న నాకు ఆ మాటలు వినబడ్డాయి.

"బిడ్డా, నీళ్లు గిప్పుడే మన మడిల వడ్డయి. ఇంకొక్కపారి పడు."

"ఎన్నిసార్లు పడాలె బాపూ?"

"మడి నిండేదాక."

దీప కోచ్ వైపు చూసింది. తర్వాత తాడు అందుకుంది.

ఆహా, ఏం పడటం! కుడికి పడింది, ఎడమకు పడింది, వెల్లకిలా పడింది. బండి కదలకముందే కూడా పడింది. సునీల్ తల పట్టుకున్నాడు. ఎండ తగ్గేవేళకు చివరి మడి గట్టు పొర్లింది. నర్సింగం తువ్వాల పైకెత్తాడు. అప్పుడు దీప కుడి కాలు ముందు పెట్టి, ఆ కొసనుంచి ఈ కొసకు తొణక్కుండా వచ్చేసింది. ఫొటో తీశారు. తూము మూశారు.

పొద్దంతా పడి ఒక్కసారి నిలబడితే దాన్ని అదృష్టం అంటారని, ఆట అనరని సునీల్ మర్యాదగానే చెప్పి, శిక్షణ మాట ఎత్తకుండా కారెక్కాడు. దీప తడి జడ పిండుకుంటూ ఇంటిదారి పట్టింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అయినా మంచే చూడాలి కదా! నర్సింగం వరి బంగారంలా గింజ పట్టింది.

కాబట్టి సార్లూ, వచ్చే యాసంగికీ తప్పకుండా బోర్డు పంపండి. పెద్ద ఫిన్‌లా, చిన్న ఫిన్‌లా అన్నది మీ ఇష్టం. పడటానికి మనిషిని కూడా మీరే పంపాలి. మొన్న నర్సింగం ఆ మాట ఎత్తితే, దీప పుస్తకంలోంచి తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"నేనింక పడ బాపూ."