పెద్దాయన లైన్లో ఉన్నారు

తన ఇంటి ముందుగదిలో మధ్యవర్తుల వ్యవస్థను శాశ్వతంగా రద్దు చేస్తున్నట్టు గృహనిర్మాణ శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ప్రజలకూ తనకూ మధ్య ఇక గాలి తప్ప మరేమీ ఉండదన్నారు. చప్పట్లు మోగాయి.

మంత్రిగారింట్లో మధ్యవర్తి అంటూ ఉన్నది ఒక్కడే. ఆ సమయంలో అతను మంత్రిగారి వెనకాల నిలబడి, మైకు వైరు ఎవరి కాలికీ తగలకుండా పట్టుకుని ఉన్నాడు. అందరితో పాటు తనూ చప్పట్లు కొడదామనుకున్నాడు గానీ చేతులు ఖాళీ లేవు.

అతను పి.ఏ. ఆ బంగళాలో మంత్రులు మారినా మారనివి రెండే: మెట్ల కింద చెదలు, మెట్ల పైన పి.ఏ. అతని విద్య అంతా కళ్ళలో ఉండేది. మంత్రిగారు ఎడమ చెవి గోక్కుంటే వచ్చినవాళ్ళకి కాఫీ. కుడి చెవి గోక్కుంటే కాఫీ లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారంటే వాళ్ళిక లేవాలని అర్థం. అప్పుడు పి.ఏ. గుమ్మంలోకి వచ్చి, గొంతు కాస్త తగ్గించి, "సార్, పెద్దాయన లైన్లో ఉన్నారు" అనేవాడు.

పెద్దాయనంటే మొత్తం ప్రభుత్వానికే పెద్ద. ఆ మాట చెవిన పడితే ఎంత జిడ్డు మనిషైనా తనకే ఫోనొచ్చినట్టు చొక్కా సర్దుకుని లేచిపోయేవాడు. నిజానికి ప్రమాణ స్వీకారం నాడు "కాస్త జరగవయ్యా, ఫొటోకి అడ్డం" అన్నది తప్ప, పెద్దాయన మంత్రిగారితో మాట్లాడింది లేదు.

ఇలాంటి పి.ఏ. ఉద్యోగానికి ఎసరు పెట్టినవాడు మంత్రిగారి బావమరిది. పెట్టిన ప్రతి వ్యాపారంలోనూ చేతులు కాల్చుకుని, అనుభవం మాత్రం పుష్కలంగా మిగుల్చుకున్న మనిషి. ఒక పొద్దున స్టిక్కర్ల చుట్ట ఒకటి పట్టుకొచ్చి, అందులోంచి చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద బిళ్ళ ఊడదీసి బావగారి అరచేతిలో పెట్టాడు.

"దీన్ని ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్ అంటారు బావా. బ్యాటరీ అక్కర్లేదు, వైరు అక్కర్లేదు, జీతం అసలే అక్కర్లేదు. దీనికి ఫోను ఆనించామంటే మనం ముందుగా చెప్పిపెట్టిన పని జరిగిపోతుంది. లైటు వెయ్యమంటే వేస్తుంది, తలుపు తియ్యమంటే తీస్తుంది."

"ఎదురు చెప్పదు కదా?"

"నోరే లేదు బావా."

మంత్రిగారు బిళ్ళ వంక చూశారు. తర్వాత పి.ఏ. వంక చూశారు. మళ్ళీ బిళ్ళ వంక చూశారు.

ఆ వారంలోనే బంగళా భవిష్యత్తులోకి అడుగుపెట్టింది. మంచం కోడుకి ఒక బిళ్ళ: మంత్రిగారు లేచి ఫోను ఆనిస్తే స్నానానికి నీళ్ళు కాగేవి. అద్దానికి ఒకటి: ఆనిస్తే ఆనాటి పేపర్లలో మంత్రిగారి పేరున్న వార్తలన్నీ చదివి వినిపించేది. పేరు లేని రోజున అద్దం మర్యాదగా ఊరుకునేది. "తమ్ముడూ, నాకూ ఒకటి ఇవ్వరా" అని అమ్మగారు అడిగి పుచ్చుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నారు. మంత్రిగారికి షుగరు. ఆయన తీపి కోసం ఫ్రిజ్ ముందు వంగినప్పుడల్లా జేబులోని ఫోను తలుపుకి తగిలి, మేడ మీదున్న అమ్మగారి ఫోను కుయ్యిమనేది. అమ్మగారు దిగొచ్చేవారు. ఇది పి.ఏ. చాడీల పనేనని మంత్రిగారు చాలాకాలం నమ్మారు.

అసలు ఘనకార్యం మాత్రం ముందుగదిలో, సోఫాల మధ్యనున్న బల్ల మీద జరిగింది. గుడ్డ కింద మూడు బిళ్ళలు. మొదటిది వంటింటికి కాఫీ కబురు పంపేది. రెండోది "కాఫీ వస్తోంది" అని గదిలో వాళ్ళకి మాత్రమే చెప్పేది, వంటింటికి చెప్పేది కాదు. మూడోదాని కోసం బావమరిది పి.ఏ. మూతి దగ్గర ఫోను పెట్టాడు.

"పెద్దాయన మాట ఒక్కసారి అను బాబాయ్. మళ్ళీ జన్మలో అననక్కర్లేదు."

పి.ఏ. అన్నాడు. ఇక మూడో బిళ్ళకి ఫోను ఆనిస్తే గోడకి పెట్టిన స్పీకరు ఆ మాట పలికేది, మంత్రిగారి ఫోను మోగేది. మర్నాటి నుంచి అతని గొంతు ముందుగదిలో ఉద్యోగం చేసింది. అతను వరండాలో కూర్చున్నాడు.

"అయితే మీ గొంతుకి జీతం వేరే ఇస్తారా?" అని ఇంట్లో భార్య అడిగింది.

ఊరుకోలేక ఒకసారి బావమరిదిని అడిగాడు. "బాబూ, ఎవరి ఫోను ఆనించినా ఇది పని చేస్తుందా?"

"ఎవరిదైనా సరే! అదే ప్రజాస్వామ్యం" అన్నాడు బావమరిది. దానికి కట్టడి పెట్టడం అతనికి చేతకాలేదన్న సంగతి పి.ఏ.కి తర్వాత తెలిసింది.

ముందుగదికి తరచూ వచ్చేవాళ్ళలో కారే కప్పు ఆవిడ ఒకరు. ప్రభుత్వం కట్టించిన ఇళ్ళ వరసలో ఆవిడది చివరి ఇల్లు.

"అయ్యా, మొన్నటిదాకా వంటింట్లో కారేది. ఇప్పుడు మంచం మీద కారుతోంది. మా అత్తగారు గొడుగేసుకుని పడుకుంటోంది."

"గొడుగు బాగానే ఉందా?" మంత్రిగారు ఆదుర్దాగా అడిగారు.

"గొడుక్కేమండీ, నిక్షేపంలా ఉంది. కప్పే..."

మంత్రిగారు తన ఫోను బల్ల మీద పెట్టారు. గోడ మీది స్పీకరు గొంతు తగ్గించి, "సార్, పెద్దాయన లైన్లో ఉన్నారు" అంది. ఫోను మోగింది. ఆవిడ లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చినప్పుడూ అంతే. ఆ పై రాకలో మాత్రం మంత్రిగారు మంచి ఊపు మీదున్నారు. కప్పు పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నారు. "ఆదిమానవుడికి కప్పుందా అమ్మా? లేదు. అయినా బతికాడా? బతికాడు. గుహల్లోకి ఎప్పుడొచ్చాడంటే..." ఆవిడ కాసేపు విన్నది. తర్వాత బల్ల మీద తన ఫోను ఎక్కడ పెట్టాలో చూసుకుని పెట్టింది.

"సార్, పెద్దాయన లైన్లో ఉన్నారు."

"పాపం, పెద్దాయన్ని ఆపకండి. నేను మళ్ళీ వస్తాను" అని లేచింది.

ఈ కిటుకు వరండా అంతా పాకింది. మంత్రిగారి ఉపన్యాసం ముదురుతోందనిపిస్తే ఎవరో ఒకరు ఫోను బల్ల మీద పెట్టేవారు. మంత్రిగారికి ఎదుటివాడి పని అని అనుమానం రాలేదు. తన ఫోనే తగిలిందనుకునేవారు. వరండాలో పి.ఏ. మాత్రం తన గొంతు ఎన్నిసార్లు వినిపిస్తోందో లెక్కపెడుతూ, ఇంత పని తను ఒంటి చేత్తో ఏనాడూ చెయ్యలేదని ఒప్పుకున్నాడు.

ముందుగది కిటికీ వరండాలోకే తెరుచుకునేది. అక్కడే విలేకరులు కూర్చునేవారు. వాళ్ళకి చెవులున్నాయి. పెద్దాయన ఈ మంత్రికి గంటగంటకీ ఫోన్ చేస్తున్నారని పేపర్లో వచ్చింది. ఆ పేపరు చదివి పెద్ద అధికారులు సలహాలకి రావడం మొదలెట్టారు. వచ్చినవాళ్ళని ఖాళీగా పంపడం ఏం బావుంటుంది? "ఇందాకే పెద్దాయన అన్నారు" అని మంత్రిగారు ఏదో ఒకటి అనేవారు. అన్నదల్లా జరిగిపోయేది. సగం కట్టిన వంతెన ఆగిపోయింది. రెండు శాఖలు ఒకటయ్యాయి. ఒకటిగా ఉన్న శాఖ ఒకటి రెండైంది. ఈ వేగం చూసి పేపర్లు పెద్దాయన్ని ఆకాశానికెత్తాయి.

మంత్రివర్గంలో మార్పులు జరగబోతున్నాయన్న పుకారు వచ్చిన రోజుల్లో, "మీ ఇంటికి కాఫీకి వస్తున్నాను" అని పెద్దాయన దగ్గర్నుంచి కబురొచ్చింది. ఈసారి నిజం కబురు.

"ఆ బిళ్ళలన్నీ పీకెయ్యండి!" అని మంత్రిగారు ఇల్లంతా తిరిగారు. బావమరిది కోసం చూస్తే అర్జంటు పని మీద ఊరెళ్ళాడు. చివరికి వరండాలోకి వచ్చి పి.ఏ. భుజం మీద చెయ్యేశారు.

"నిన్ను బయట కూర్చోబెట్టానని మనసులో పెట్టుకోకు నాయనా. నువ్వే ఈ గండం గట్టెక్కించాలి."

"ఎంత మాట సార్" అన్నాడు పి.ఏ.

అతను మంచం దగ్గర బిళ్ళ పీకాడు. అద్దం దగ్గరిది పీకాడు. "నా ఫ్రిజ్ జోలికొచ్చావంటే ఊరుకోను" అని అమ్మగారన్నారు కనుక దాన్ని వదిలేశాడు. ముందుగదిలో బల్ల గుడ్డ ఎత్తి కాఫీ బిళ్ళలు రెండూ పీకాడు. మూడోదాని అంచు కింద గోరు పెట్టాడు. తన గొంతున్న బిళ్ళ. వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. గోరు తీసేశాడు. గుడ్డ కప్పేసి, నాలుగు మూలలూ సరిచేశాడు.

పెద్దాయన వచ్చి కూర్చున్నారు. మంత్రిగారు సోఫా అంచున, కూర్చున్నట్టే ఉండి కూర్చోకుండా ఉన్నారు. పి.ఏ. గుమ్మంలో నిలబడ్డాడు. కిటికీ అవతల విలేకరులు ఒకరి భుజం మీద ఒకరు గడ్డాలు ఆనించుకుని ఉన్నారు. కాఫీ వచ్చింది. కప్పు అందుకోవడానికి పెద్దాయన చేతిలోని ఫోను బల్ల మీద పెట్టారు.

"సార్, పెద్దాయన లైన్లో ఉన్నారు."

పెద్దాయన పి.ఏ. వంక చూశారు. పి.ఏ. పెదవులు మూసే ఉన్నాయి. మంత్రిగారి జేబులో ఫోను మోగుతోంది. ఉద్యోగం పోయిందనుకున్నాడు పి.ఏ. ఎవరి ఉద్యోగమన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

"తియ్యవయ్యా, మోగుతోంది" అన్నారు పెద్దాయన.

మంత్రిగారు లేచి నిలబడి ఫోను చెవిన పెట్టుకున్నారు. "నమస్కారం సార్... చిత్తం... అలాగే సార్... తమ దయ." పెట్టేశారు. పెద్దాయన ఒక గుక్క కాఫీ తాగారు.

"ఏమన్నాను?"

ఆ పూట పొద్దున్నే వచ్చి వెళ్ళిన మనిషి మాటే మంత్రిగారి నోట్లోంచి ఊడిపడింది. "కారుతున్న ఇళ్ళ కప్పులన్నీ వెంటనే బాగు చేయించమన్నారు సార్."

పెద్దాయన ఆలోచించారు. "ఉహుఁ. అది నేనై ఉండను."

"పొరపాటు సార్. సరిగ్గా వినపడలేదు."

"మొన్న వంతెన ఆపమన్నది?"

"అది తమరే సార్."

"శాఖలు కలపమన్నది?"

"అదీ తమరే. విడగొట్టమన్నదీ తమరే."

"పేపర్లు మెచ్చుకున్నాయి."

"దేశమంతా మెచ్చుకుంది సార్."

పెద్దాయన కిటికీ వైపు చూశారు. విలేకరులు నమస్కారం పెట్టారు. ఆయనా పెట్టారు. "అంటే నేను బాగానే మాట్లాడుతున్నానన్నమాట" అని కప్పు కింద పెట్టారు. "ఇంతకీ ఇప్పుడేమన్నాను?"

మంత్రిగారికి ప్రాణం లేచొచ్చింది. "మార్పుల్లో నాకు ఆర్థిక శాఖ ఇస్తానన్నారు సార్."

"అన్నానా?"

"తమ నోటితోనే సార్."

"అన్నాక తప్పుతానా" అని పెద్దాయన లేచారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, పి.ఏ.ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "రేపు మా ఇంటికి రా. ఆ బిళ్ళలు ఒకటో రెండో పట్టుకురా" అన్నారు.

అలా మంత్రిగారికి ఆర్థిక శాఖ దక్కింది. కారే కప్పు ఆవిడ కొత్త గృహనిర్మాణ మంత్రి ఇంటికి దారి కనుక్కుంది. పి.ఏ. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్టిక్కర్ల చుట్ట సంచిలో వేసుకుని, పెద్దాయన బంగళాకి వెళ్ళాడు.

పెద్దాయన గదిలో ఇంకెవరూ లేరు. తలుపు ఆయనే వేశారు. బల్ల అంచు చూపించి, "ఇక్కడ అంటించు" అన్నారు. పి.ఏ. మోకాళ్ళ మీద కూర్చుని అంటించాడు.

"ఏమని చెప్పమంటారు సార్?"

"'పైనుంచి ఫోన్' అని చెప్పు. చాలు."

పి.ఏ. ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని, మళ్ళీ దించాడు. వృత్తిలో ఇన్నాళ్ళూ పేరు చెప్పకుండా ఎవర్నీ లైన్లోకి తెచ్చినవాడు కాదు.

"పైన ఎవరున్నారు సార్?"

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలారు.

"ఇంతవరకూ ఎవరూ అడగలేదయ్యా" అన్నారు.

పి.ఏ. ఫోను మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.